చింతగింజను విసిరే రీలు

నేను గద్వాలలో ఒక బడిలో లెక్కలు చెప్పేవాణ్ని. రెండువేల ఆరో ఏడో సరిగా గుర్తులేదు, ఒక దవడపన్ను నన్ను నిద్రపోనివ్వకుండా చేసింది. వనపర్తిలో ఒక డాక్టరు నొప్పి తెలియకుండా పన్ను తీస్తాడని తోటి ఉపాధ్యాయుడు చెబితే బస్సెక్కి పోయాను. డాక్టరుది దాదాపు నా వయసే. సన్నటి మనిషి, మెల్లటి మాట. నా నోటినిండా దూది పెట్టి, మత్తు ఎక్కేదాకా ఊరికే కూర్చోవడమెందుకనుకున్నాడో ఏమో, గాలం వేసే అలవాటు ఉందా అని అడిగాడు. నొప్పిగా ఉందని చెప్పడానికి తల ఊపాను. ఆయన అలవాటు ఉందని అర్థం చేసుకున్నాడు. పన్ను బయటికి వచ్చేలోగా, వచ్చే ఆదివారం ఇద్దరం హైదరాబాదు పోయి గాలపు దారం చుట్టే రీళ్లు కొనాలని నిశ్చయమైపోయింది.

అప్పటిదాకా చేపతో నా పరిచయమంతా పళ్లెంలోనే. ఆ మాట చెబుదామంటే నోరు తిరగలేదు. మత్తు దిగేసరికి ఆయన చెప్పింది నాకు నచ్చడం మొదలైంది.

ఆయన కోరిక ఇది. పెద్ద చేపను పెద్ద గాలంతో ఎవరైనా పడతారు. చిన్న చేపను చిన్న గాలంతో పట్టడం కూడా గొప్ప కాదు. పెద్ద చేపల కోసం తయారైన రీలుతో, చింతగింజంత ఎరను విసిరి, వేలెడు చేపను పట్టాలి. జపాను వాళ్లు ఇలా పడుతున్నారని ఆయన ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివాడు. అలా పడితే లాభమేమిటని అడిగాను.

"నాకు గూడ తెల్వదు సార్. యాడాదిసంది అదే ఆలోచన చేస్తున్న," అన్నాడు.

రోజంతా పుస్తకం చివరి పేజీలో జవాబు ఉన్న లెక్కలే చేయించేవాణ్ని నేను. జవాబు తెలియకుండా యాడాది గడిపిన మనిషి ముందు నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. వస్తానన్నాను.

హైదరాబాదులో ఆదివారం పూట రోడ్డు పక్కన పాత సామాన్ల సంత జరిగేది. తాళాలు, గడియారాలు, మిక్సీ గిన్నెల మధ్య ఒకాయన గోనెసంచి పరిచి రీళ్లు కుప్ప పోశాడు. ఎక్కడి సముద్రాల నుంచి ఎవరు తెచ్చి అమ్మారో గాని, ఆయన మాత్రం వాటిని గాలిపటాల చరఖాలనుకుని అమ్ముతున్నాడు. డాక్టరు ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తీసి, మధ్యలో దారం చుట్టుకునే స్పూలును బొటనవేలితో తిప్పి, చెవికి ఆనించుకుని వినసాగాడు. నాకూ ఒకటి ఇచ్చి వినమన్నాడు. బేరింగు గరగరమంటే పక్కన పెట్టాలి, సన్నగా ఈల వేస్తే ఉంచుకోవాలి. బంగారు రంగువి, చూడముచ్చటైనవి అన్నీ బరువైనవని తీసేశాడు. మాకు కావలసింది సన్నటి స్పూలు, లోతు తక్కువది, వీలైనంత తక్కువ లోహం ఉన్నది.

అమ్మేవాడు కాసేపు మమ్మల్ని చూసి, "సార్, అండ్ల రేడియో రాదు," అన్నాడు.

చివరికి నల్లటిది ఒకటి దొరికింది. పిడికి ఒక పక్క బొడిపె లేదు. ఒంటినిండా గీతలు. చెవికి పెట్టుకుంటే దూరంగా తుమ్మెద ఎగిరినట్టు వినిపించింది. డాక్టరు దాన్ని రుమాలులో చుట్టుకుని వనపర్తి దాకా ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇక్కడ కష్టం ఎక్కడుందో చెప్పాలి. ఈ రకం రీలులో స్పూలు బండి ఇరుసులా అడ్డంగా ఉంటుంది. ఎర విసిరినప్పుడు స్పూలు తిరిగితేనే దారం బయటికి వస్తుంది. ఎర బరువైనదైతే అదే లాగి తిప్పుతుంది. తేలికైనదైతే స్పూలును కదిలించలేదు. గట్టిగా విసిరి కదిలించామా, ఎర నీళ్లలో పడ్డాక కూడా స్పూలు ఆగదు. పోయే చోటు లేక దారమంతా అక్కడే చుట్టుకుని పిచ్చుకగూడవుతుంది.

మొదటిసారి నాగర్‌కర్నూల్ చెరువు మీద విసిరాం. అది డాక్టరు అత్తగారి ఊరు. అత్తగారి ఊళ్లో అల్లుడు ఏం చేసినా ఎవరూ ఏమీ అనరని ఆయన ధైర్యం. పంటికి నింపే సిమెంటుతో ఆయనే ఎర చేశాడు. తెల్లగా, కళ్లు పెట్టిన చిన్న చేపబొమ్మ. బలంగా విసిరాడు. ఎర ఆయన బూట్ల ముందే పడింది. రీలులో గూడు తయారైంది. దాన్ని విప్పి నేను విసిరాను. గూడు ఇంకా పెద్దదైంది.

పక్కనే వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి పని ఆపి మా దగ్గరికి వచ్చాడు. ఏ చేప కోసమని అడిగాడు. డాక్టరు చిటికెన వేలు చూపించాడు.

"దాన్ని పట్టి ఏం జేస్తరు సార్?"

"మల్ల నీళ్లల్ల ఇడిసిపెడతం."

జాలరి మా ఇద్దరి ముఖాలు చూశాడు. వెనక్కి పోయి, వల ఎత్తుకుని కాస్త దూరంగా కూర్చున్నాడు.

చిక్కుపడిన దారం విప్పడానికి నాకు ఓపిక లేకపోయేది. ఇంటికి తెచ్చి మూలన పడేశాను. మాది మగ్గాల ఇల్లు. నాయన పోయాక మగ్గం ఆగిపోయింది. నూలుకు కండెలు చుట్టి, పట్టుపోగులు చిక్కుతీసి ఏళ్లు గడిపిన అమ్మకు చేతుల్లో పనిలేకుండా పోయింది. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఆమె వాకిట్లో ఎండకు కూర్చుని, ఆ గూడును ఒళ్లో పెట్టుకుని పోగుపోగుగా విప్పుతోంది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను చిక్కు తేవడం, వారమంతా ఆమె విప్పడం అలవాటైంది. పక్కింటి వాళ్లు వచ్చి ఇదేం దారమని అడిగితే, కొత్తరకం పట్టు అని చెప్పేది. నేను తెచ్చిన చిక్కు చిన్నదైతే ఆమె ముఖం చిన్నబోయేది.

రీలును తేలిక చేయడం వనపర్తిలో, ఆస్పత్రిలోనే జరిగింది. ముందు లోపలున్న పాత గ్రీజునంతా పెట్రోలుతో కడిగాం. బేరింగుల్లో కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేశాం. దారం సగానికి సగం తగ్గించాం. అయినా స్పూలు బరువే. ఇక రంధ్రాలు వేయక తప్పదన్నాడు డాక్టరు. పళ్లు తొలిచే మిషను ఉండగా వేరే దాని అవసరమేముంది. స్పూలును రోగులు కూర్చునే కుర్చీలో తలదిండు మీద పెట్టి, పైన లైటు వేసి, మూతికి గుడ్డ కట్టుకుని పని మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి లోహపు రజను ఎగరకుండా నీళ్ల గొట్టం పట్టుకున్నాను.

ఆ రోజు ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక రైతు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. దవడ వాచి తలగుడ్డతో కట్టుకున్నాడు. తన వంతు ఎప్పుడొస్తుందా అని తొంగిచూసి, కుర్చీలో మనిషి లేకపోవడం గమనించాడు. కొంతసేపు ఓపిక పట్టాడు. మిషను శబ్దానికి ఆయనే ఉలిక్కిపడుతున్నాడు.

"దానికి మత్తు సూది ఇచ్చిన్రా సార్?" అని చివరికి అడిగాడు.

ఇవ్వలేదని డాక్టరు నిజమే చెప్పాడు. రైతు లేచి, తన నొప్పి తగ్గిందని చెప్పి వెళ్లిపోబోయాడు. డాక్టరు స్పూలును దించేసి, ఆయన్ను బతిమిలాడి కూర్చోబెట్టి, మత్తు రెండింతలు ఇచ్చి పన్ను తీశాడు.

ఎంత తగ్గిందో తెలియాలంటే తూచాలి. మా కూరగాయల తక్కెడకు అది చిక్కే బరువు కాదు. గద్వాల బజారులో నాకు తెలిసిన అవుసలాయన ఉండేవాడు. బంగారం తూచే కాటా మీద స్పూలు పెట్టి చూడమన్నాను. చూసి చెప్పాడు. ఇంకో వారం ఇంకొన్ని రంధ్రాలు పడ్డాక మళ్లీ తీసుకుపోయాను. ఇంకో వారం మళ్లీ. ప్రతిసారీ రుమాలు విప్పి ఇస్తాను, ఆయన తూచి చెబుతాడు, బరువు తగ్గిందంటే నేను సంతోషంగా నవ్వుకుంటూ ఇంటికి పోతాను. దుకాణంలో కూర్చున్న వాళ్లు ఇదంతా చూస్తున్నారని నాకు తట్టలేదు.

మా తాలూకాలో పాత గుళ్లు ఎక్కువ. అలంపూర్ వైపు ఎక్కడ గునపం దిగినా ఏదో ఒకటి దొరుకుతుందని జనం నమ్మకం. లెక్కల సారుకు ఏటిగడ్డన వెండి విగ్రహం దొరికిందని, దాన్ని కొంచెం కొంచెం చెక్కి అమ్ముకుంటున్నాడని, అందుకే వారం వారం తూకం తగ్గుతోందని ఊరంతా పాకింది. వనపర్తిలో ఒక డాక్టరు దాన్ని కరిగిస్తున్నాడట. మా అమ్మ విప్పుతున్నది దేవుడి పట్టువస్త్రమట. బడిలో ప్రధానోపాధ్యాయుడు నన్ను పక్కకు పిలిచి, గుడికి ఎంతో కొంత ఇచ్చేస్తే పాపం అంటుకోదని సలహా ఇచ్చాడు. ఏ గుడికి, ఏం ఇవ్వాలో తెలియక సరేనన్నాను. అది ఒప్పుకున్నట్టయింది.

వారం తిరగకముందే ఠాణా నుంచి కబురొచ్చింది. దొరికిన వస్తువుతో, వనపర్తి డాక్టరుతో సహా రమ్మన్నారు. నేను రీలును రుమాలులో చుట్టుకున్నాను. డాక్టరు మాత్రం గాలపు కర్ర కూడా తెచ్చాడు.

ఎస్సై పెద్ద మీసాల మనిషి. రీలు బల్ల మీద పెట్టి, సంగతి మొత్తం చెప్పాం. పెద్ద చేపల రీలు, చిన్న చేప, చింతగింజంత ఎర, రంధ్రాలు, తూకం. ఆయన ఓపికగా విన్నాడు. జల్లెడలా మారిన స్పూలును వెలుగుకెత్తి, రంధ్రాల్లోంచి మమ్మల్ని చూశాడు.

"సార్, మీరు సదువుకున్నోళ్లు," అన్నాడు. "అబద్ధం చెప్పేటప్పుడు జర నమ్మేటట్టు చెప్పాలె."

నిజమని డాక్టరు ఒట్టు పెట్టాడు. అయితే విసిరి చూపించమన్నాడు ఎస్సై. ఠాణా వాకిట్లో నీళ్లెక్కడివి? అవతల గోడ దగ్గర కుళాయి కింద ఒక బకెట్టు నిండుతోంది. కానిస్టేబుళ్లు, ఫిర్యాదులతో వచ్చినవాళ్లు, వాళ్ల వెంట వచ్చిన చుట్టాలు వరండాలో చేరారు. డాక్టరు కర్ర నా చేతికిచ్చాడు. తన చేతులు పనిచేయడం లేదన్నాడు. నావీ పనిచేయడం లేదు గాని ఆ మాట చెప్పే సమయం కాదది.

విసిరాను. చిక్కుపడుతుందని బొటనవేలు స్పూలు మీద పెట్టబోయాను. అవసరం రాలేదు. రీలు సన్నగా ఈల వేసింది. పళ్ల సిమెంటు చేప ఎండలో తెల్లగా మెరుస్తూ వాకిలి దాటిపోయి బకెట్లో టప్పున పడింది. నెలల తరబడి చెరువుల దగ్గర రానిది ఠాణాలో వచ్చింది. డాక్టరు కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు భయం పోయి, ఒంట్లో ఎక్కడో గట్టిగా బిగిసి ఉన్నదేదో విడిచినట్టయింది.

ఎస్సై బకెట్టు దాకా నడిచిపోయి, లోపలికి తొంగిచూసి వచ్చాడు.

"ఇంగోసారి," అన్నాడు ఎస్సై.

మళ్లీ విసిరాను. తర్వాత ఆయన విసిరాడు. తర్వాత రైటరు, తర్వాత కాపలా కానిస్టేబులు. గట్టు తగాదాతో వచ్చిన అన్నదమ్ములిద్దరు, బకెట్లో ఎవరు వేస్తారోనని పోటీ పడ్డారు. సాయంత్రానికి పోలీసు టోపీ ఒకటి, చెట్టుకొమ్మ ఒకటి గాలానికి చిక్కాయి. కేసు లేదని తేలింది. అయినా పూర్తిగా విచారించాలని చెప్పి ఎస్సై రీలును తన దగ్గరే ఉంచుకున్నాడు. కొన్నాళ్ల తర్వాత మనిషితో తిరిగి పంపాడు. అందులో ఉన్న చిక్కులాంటిది మేం జన్మలో వేయలేదు. అమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "గిది మంచిగున్నది బిడ్డా," అంది.

ఆ చలికాలంలో ముగ్గురం సోమశిల పోయాం. ఎస్సై మామూలు బట్టల్లో వచ్చాడు. గుడికి వచ్చిన జనం స్నానాలు చేసే చోటు విడిచి, కృష్ణ ఒడ్డున రాళ్లు తేలిన చోట నిలబడ్డాం. ముగ్గురికీ ఒకటే రీలు. వంతులవారీగా విసిరాం. మధ్యాహ్నం దాటాక డాక్టరు వంతులో దారం కొంచెం వణికింది. గాలి అనుకున్నాం. ఆయన మెల్లగా చుట్టాడు. దారం చివర ఒక పరక చేప. నిజంగానే వేలెడు. చిటికెన వేలుకు పెట్టి చూస్తే ఇంకా కాస్త తక్కువే.

ఆయన చెయ్యి తడిపి దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. ఎస్సై చేపకు సెల్యూట్ కొట్టబోయి ఆపుకున్నాడు. పడవ కోసం ఎదురుచూస్తున్న యాత్రికులు మూగి, ఏదో పెద్దది పడిందనుకుని మెడలు చాచి, చేతిలో ఏమీ కనబడక వెళ్లిపోయారు. డాక్టరు గాలం తీసి, అలవాటు కొద్దీ దాని నోరు తెరిచి లోపలికి చూశాడు.

"పండ్లు లెవ్వు," అన్నాడు.

ఆ గొంతులో బాధ ఉందో సంతోషం ఉందో నేను పోల్చుకోలేకపోయాను. వంగి నీళ్లలో వదిలాడు. అది ఒక్క క్షణం ఆయన వేళ్ల మధ్యే నిలబడి, ఎటు పోవాలో అప్పుడే తెలిసినట్టు పోయింది. ముగ్గురం ఆ నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయాం. కాసేపటికి ఎస్సై గొంతు సవరించుకుని, తన వంతు వచ్చిందని గుర్తుచేశాడు.