కారు మీద కుర్చీ

పోలియోతో కాళ్లు పడిపోయిన మాణిక్యం పటమటలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. చక్రాల కుర్చీని వెనకనుంచి ఎవరైనా తోయబోతే చేత్తో చక్రం పట్టి ఆపేస్తుంది. కొత్తగా కొన్న మారుతి డిక్కీలో ఆ కుర్చీ పట్టలేదు. “కంకిపాడు పెళ్లికి కుర్చీ ఎందుకక్కా? నేను ఎత్తుకుని తీసుకెళ్తాగా,” అన్నాడు తమ్ముడు బసవయ్య. “నువ్వు ఎత్తుకుంటే ఎక్కడ కూర్చోవాలో కూడా నువ్వే చెప్తావురా,” అని, కారును ఆటోనగర్‌కు పోనిమ్మంది. అక్కడ మెకానిక్ కరిముల్లా, కుర్చీ కట్టుకోడానికి కారు పైన అడ్డంగా బిగించే మెరిసే రాడ్లు చూపించాడు. ఆమె ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని వంచి చూసి, చివరికి నల్లటి ఇనప రాడ్లు ఏరింది. “కారు అందం పోతుందండీ,” అన్నాడు కరిముల్లా. “పోనివ్వండి. కుర్చీ కదలకపోతే చాలు.” కప్పు అంచులకు వాటిని బిగించాక, కిటికీలోంచి చెయ్యి పైకి చాచి, రాడ్డు పట్టుకుని బలంకొద్దీ ఊపింది. కారు ఊగింది గాని రాడ్డు కదల్లేదు.

కంకిపాడులో పెళ్లిపందిరి ముందు బసవయ్య రాడ్లకు కట్టిన కుర్చీ దింపి, కారు తలుపు పక్కన పెట్టాడు. ఆమె చేతుల బలంతో తనే అందులోకి జరిగి, బంధువుల మధ్యనుంచి నేరుగా పెళ్లికూతురి దగ్గరికి వెళ్లి అక్షింతలు వేసింది. “ఇంత దూరం నువ్వెందుకొచ్చావే? అక్షింతలు నీ దగ్గరికే పంపేవాళ్లంగా,” అంది పిన్ని. “రావాలనిపించింది, వచ్చాను పిన్నీ,” అంది మాణిక్యం.