బండి ఆపమన్నాడు జోహన్

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఆఫీసులో ఉండగా అందింది. తుష్నాబాద్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త ఇక లేదే. అన్నం తిని నడుం వాల్చిందట. చాయ్ ఇద్దామని లేపితే లేవలేదు," అన్నాడు. ఎదురుగా ఉన్న ఫైలు మూసేసి, పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో ఇంటికి కూడా వెళ్ళకుండా ఆటో మాట్లాడుకుని బయలుదేరాను. దారంతా వాన. ఏడుపు మాత్రం రాలేదు.

మర్నాడు దహనానికి చాలామంది వచ్చారు. వచ్చినవాళ్ళంతా ఆమె గురించి గొప్పగా చెప్పుకున్నారు. కొండ మీది పోకతోటల్లోకి బండి తోలిన మొదటి ఆడమనిషి అన్నారు. ఆమె చెయ్యి పడితే ఏ ఇంజనూ వేడెక్కేది కాదన్నారు. నాకు తల దించుకోవాలనిపించింది. జనానికి దూరంగా, చూరు కింద ఫూల్మణి నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె భర్త జోహన్ రాలేదు. ఎందుకు రాలేదో అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. తెలిసే అందరూ పొగుడుతున్నారు. అత్త వింటే ఊరుకునేది కాదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో రహస్యమేమీ లేదు. ఈ సంగతి అందరి ముందూ చెప్పింది ఆమే.

మా వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ అండమాన్ దీవుల్లో స్థిరపడి చాలా కాలమైంది. అత్త ఇక్కడే పుట్టింది. మావయ్య చిన్న వయసులోనే పోతే, ఏటవాలు కొండ మీద ఉన్న పోకతోటని ఒక్కతే చూసుకుంది. పిల్లల్లేరు. మా నాన్న పిల్లలమే ఆమె పిల్లలం. చీర మోకాళ్ళ దాకా దోపి, మగవాళ్ళ రబ్బరు బూట్లు వేసుకుని తిరిగేది. చాయ్‌లో చక్కెరతో పాటు చిటికెడు ఉప్పు వేసుకునేది. తెలుగు చదవడం రాదు. నేను వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి చదివించుకుని, నచ్చకపోతే మధ్యలోనే "చాల్లే, ఆడికి బుద్ధి లేదు" అని లేచిపోయేది.

ఆ కొండ మీద తోటలున్న కుటుంబాలన్నీ కలిసి ఒక పాత బండి తెప్పించుకున్నాయి. నాలుగు చక్రాలూ లాగే చిన్న బండి. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక సామాను తొట్టి. ఓడలో చెన్నై నుంచి వచ్చింది. వక్కలూ, కొబ్బరికాయలూ, ఎరువు బస్తాలూ, ఒక్కోసారి జ్వరమొచ్చిన మనుషులూ, అన్నీ దాని మీదే దిగాలి, ఎక్కాలి. వాన పడితే ఆ ఎర్రమట్టి దారిలో ఇంకే బండీ రాదు. దాన్ని అందరూ గాడీ అనేవారు. ఏటవాలు చూసి మగవాళ్ళు వెనకాడుతుంటే అత్త తాళం అడిగి తీసుకుంది. మనుషులతో తెలుగు మాట్లాడేది, బండితో హిందీ. ఎత్తు ఎక్కేటప్పుడు "చల్ బేటా, ధీరే ధీరే" అంటుంటే వెనక బస్తాల మీద కూర్చున్న మేం నవ్వు ఆపుకోలేకపోయేవాళ్ళం.

అడవిదారిలో తిరిగే బండికి వేడి పెద్ద శత్రువు. దుమ్ములో కంటే బురదలో మరీ. ముందు చక్రాలు చిమ్మిన మట్టీ, వక్కల పీచూ వెళ్ళి రేడియేటర్ సన్నటి రేకుల మధ్య ఇరుక్కుంటాయి. ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. గాలి ఆడదు. లోపల నీళ్ళు నిండుగా ఉన్నా ఇంజను ఉడికిపోతుంది. అత్త ఇవన్నీ బండి తెచ్చిన మెకానిక్ దగ్గర అడిగి అడిగి తెలుసుకుంది. రోజూ బండి తీయకముందు రేడియేటర్ కడగాల్సిందే. ఆ పని జోహన్‌ది. అతను రాంచీ నుంచి వచ్చిన కుటుంబంవాడు, మా అందరి తోటల్లో చెట్లెక్కి వక్కలు దించేవాడు. అతను కడిగాక అత్త వంగి రేకుల మధ్య వెలుతురు కనబడుతోందో లేదో చూసేది. అప్పుడే తాళం తిప్పేది.

తర్వాత ఆమె కళ్ళకు పొర కమ్మడం మొదలైంది. మాకెవరికీ చెప్పలేదు. బియ్యంలో రాళ్ళు ఏరమని చేట నా వైపు తోసేది. "ఓపిక లేదే అమ్మీ" అనేది. ముఖం చూసి కాకుండా గొంతు విని మనుషుల్ని పలకరించేది. రేడియేటర్‌ని చూడ్డం మానేసి చేత్తో తడిమేది. ఇదంతా మేం ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నది తర్వాత.

ఆ ఏడు వానలు ఆగీ ఆగకముందే పంట దించడం మొదలైంది. ఆ రోజు పొద్దున జోహన్ బండి కడిగాడు. మధ్యాహ్నం దాకా అత్త బురదలో పైకీ కిందకీ తిరుగుతూనే ఉంది. మళ్ళీ ఆగి రేడియేటర్ చూసింది లేదు. చివరి విడత నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుండగా పక్క సీట్లో ఉన్న జోహన్‌కి రేడియేటర్లోని కూలెంట్ మరుగుతున్న తియ్యటి ఆవిరి వాసన తగిలింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది.

"ఆంటీ, గాడీ గరమ్ హో గయా. రోకో," అన్నాడు. బండి వేడెక్కింది, ఆపమని.

అత్త ఆపలేదు. ఇంకాస్త దూరం పోయాక అతను మళ్ళీ అన్నాడు. "ఎక్కేద్దాం, అయిపోనాది" అంది అత్త. మలుపు దగ్గర బానెట్ కింద నుంచి ఆవిరి ఎగజిమ్మింది. టకటకమని చప్పుడు చేసి ఇంజను బిగుసుకుపోయింది. ఇక కదల్లేదు.

డిగ్నాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ రేడియేటర్ విప్పితే గుప్పెళ్ళకొద్దీ మట్టీ పీచూ వచ్చాయి. చుట్టూ నిలబడిన వాళ్ళలో ఎవరో, "జోహన్ కడగలేదురా" అన్నారు. అంతే, అదే ఖాయమైపోయింది. అతను "మైనే ధోయా థా, రోకో భీ బోలా థా" అని కనబడిన ప్రతివాళ్ళతో చెప్పుకున్నాడు. కడిగాననీ, ఆపమని కూడా చెప్పాననీ. ఎవరూ పట్టించుకోలేదు. అత్త అక్కడే ఉంది. నోరు విప్పలేదు. ఆమె కాదనకపోవడం చూసి అందరూ అదే నిజమనుకున్నారు, అలా రోజులు గడిచిపోయాయి. కోసిన వక్కలు కొండ మీదే బూజు పట్టాయి. జోహన్‌ని పనికి పిలవడం ఒకరి తర్వాత ఒకరు మానేశారు.

ఒక సెలవు రోజు నేను అక్కడ ఉన్నాను. పొద్దున్నే ఫూల్మణి వచ్చింది. ఆమె చేతిలో చెట్టెక్కే మోకు ఉంది. అది అత్తదే. జోహన్ లిటిల్ అండమాన్‌లో పని వెతుక్కుని వెళ్ళిపోతున్నాడనీ, వెళ్ళేముందు ఇచ్చిరమ్మన్నాడనీ చెప్పింది. గొంతులో కోపం లేదు. మోకు చాచింది. అందుకోబోయిన అత్త చెయ్యి దాని పక్కగా పోయి గాలిని పట్టుకుంది. మళ్ళీ చాచింది. మళ్ళీ గాలే.

ఫూల్మణి ఒక్క క్షణం చూసి, మెల్లగా అత్త చెయ్యి పట్టుకుని మోకు అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఆంటీ, ఆప్‌కో దిఖ్తా నహీ క్యా?" అంది. కనబడటం లేదా అని. ఆ అడగడంలో జాలి తప్ప ఇంకేమీ లేదు.

ఫూల్మణి వెళ్ళిపోయాక అత్త అరుగు మీద కూలబడి, "నన్ను ఆల్ల ముందుకి తీస్కెల్లు. అందర్నీ పిలు," అంది.

కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో అందరూ పోగయ్యారు. అత్త కూర్చోమన్నా కూర్చోలేదు.

"జోహన్ రేడియేటర్ కడిగినాడు," అంది. "నాను తడిమి చూసినాను. తడిమినాను ఎందుకంటే నాకు కళ్ళు ఆనవు. చాన్నాళ్ళయింది. ముల్లు యాడుందో నాకు తెలీదు. ఆడు ఆపమన్నాడు. రెండు మాట్లు అన్నాడు. నానే ఆపలేదు."

"ఎందుకాపలేదు?" అన్నారెవరో.

"ఆపితే దిగి చూడాల. చూస్తే, నాకు కనబడదని తెలిసిపోద్ది. సిగ్గేసింది."

ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "పోన్లేమ్మా. పెద్దదానివి, మన మనిషివి. జరిగిందేదో జరిగిపోనాది," అన్నాడు. చుట్టూ తలలు ఊగాయి.

అత్త ఆ గొంతు వైపు తిరిగింది. "నన్నింత బేగి మాఫ్ చేసేస్తన్నారేటి? ఆడు ఇన్నాళ్ళూ మొత్తుకుంటే ఒక్కళ్ళన్నా ఇన్నారా? నాను మీ మనిషినైతే ఆడెవుడు?"

ఆమె ఒక్కదాని సిగ్గు ఆ మాటతో అందరిదీ అయిపోయింది. ఎవరూ పక్కవాళ్ళ వైపు చూడకుండా బయటికి నడిచాం.

అక్కడి నుంచే జోహన్ ఇంటికి వెళ్ళాం. అతను ట్రంకుపెట్టెకి తాడు కడుతున్నాడు. అత్త చెప్పింది విన్నాడు. ఆమె మాట పూర్తయ్యాక తాడు వదిలేసి లేచి నిలబడ్డాడు.

"ఆప్‌కో మాలూమ్ థా, ఆంటీ," అన్నాడు. మీకు తెలుసు, అని. "తెలిసీ చుప్ ఉన్నారు."

"అవును," అంది అత్త. క్షమించమని అడగలేదు. అడిగితే అతను కాదనలేడని ఆమెకి తెలుసు. ఆ ఇబ్బంది అతనికి పెట్టకూడదనుకుందేమో.

జోహన్ వెళ్ళలేదు. పిలిచిన తోటలకు మళ్ళీ పనికి పోయాడు. అత్త తోటకి మాత్రం మిగతా తోటలన్నిటి తర్వాత ఆఖర్న వచ్చాడు. పని చేసేవాడు, మాట్లాడేవాడు కాదు. ఆమె ఉన్న బండి ఎక్కేవాడు కాదు, బురదలో నడిచి వచ్చేవాడు. ఆమె పెట్టిన చాయ్ ఫూల్మణి తాగేది, అతను తాగేవాడు కాదు. అత్త మాత్రం రోజూ రెండు గ్లాసులూ నింపేది.

ఇంజను బాగు చేయించింది అత్తే. కళ్ళ ఆపరేషన్ కోసం మా ఇంట్లో ఉంది. కట్టు విప్పి తుష్నాబాద్ తీసుకువెళ్ళిన రోజు, ఇంట్లోకి పోకుండా నేరుగా బండెక్కి కూర్చుంది. ముల్లు వైపు చాలాసేపు చూసింది. చల్లటి ఇంజను, ముల్లు కింద పడుకుని ఉంది. దిగి, తాళం తీసుకువెళ్ళి పక్క తోట కుర్రాడికి ఇచ్చేసింది. అందరూ బతిమాలినా మళ్ళీ ఆ సీట్లో కూర్చోలేదు.

కానీ బండిని వదల్లేదు. ఆ తర్వాత రేడియేటర్ కడిగే పని ఎవరికీ ఇవ్వలేదు. ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆగి, పైపుతో సన్నటి ధారగా, ఫ్యాన్ వైపు నుంచి బయటికి నీళ్ళు పట్టేది. ముందు నుంచి గట్టిగా కొడితే మట్టి ఇంకా లోపలికి పోతుందనీ, రేకులు వంగిపోతాయనీ చెప్పేది. పాత టూత్‌బ్రష్‌తో పీచు లాగేది. కూలెంట్ గీత దాకా ఉందో లేదో చూసేది. బురద రోజుల్లో మధ్యాహ్నం బండి ఆపించి మరోసారి కడిగేది. సముద్రపు పోటు వచ్చే వాగులోని ఉప్పునీళ్ళు తెచ్చి రేడియేటర్ మీద పోయబోయిన ఒకతన్ని తిట్టిన తిట్లు ఇంకా చెప్పుకుంటారు.

కొత్తగా బండి నేర్చుకునే ప్రతివాళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకుని తన సంగతి మొదటి నుంచి చెప్పేది. ఒక్క ముక్క దాచేది కాదు. వినేవాళ్ళకే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. నేనొకసారి, "ఎందుకత్తా, ప్రతివాళ్ళకీ చెప్పాలా?" అన్నాను. "మరేటి చెప్పమంటావే? ముల్లు లేస్తే ఆగాలని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆగడానికి సిగ్గుపడకూడదని చెప్పేవోళ్ళు లేరు," అంది. ఇంకో మాట కూడా అనేది: "ఎక్కేద్దాం అనిపించినప్పుడే దిగాల." నేను పోర్ట్ బ్లెయిర్ ఆఫీసులో, ఏదైనా తప్పయిందని తెలిసీ పైవాళ్ళకి చెప్పడానికి జంకినప్పుడు, ఆ మాట నన్ను కుర్చీలోంచి లేపింది. ఆమెకి నేను రుణపడింది ముఖ్యంగా అక్కడ.

కర్మ అయిపోయాక జోహన్ ఇంటికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే, అతను అత్తని క్షమించానంటాడేమోనన్న ఆశతో వెళ్ళాను. ఆమె తరఫున ఆ మాట వినాలనుంది నాకు. ఫూల్మణి పీట వేసింది. జోహన్ ముసలివాడయ్యాడు. చాలాసేపు వానని చూస్తూ కూర్చుని, "గుస్సా థా," అన్నాడు. కోపం ఉండేదని. "ఇప్పటికీ ఉంది. తగ్గుద్దిలే, అప్పుడు పోయి చాయ్ తాగుదాం అనుకున్నా. టైముంది అనుకున్నా." తర్వాత నా వైపు చూసి, "రాలేదు నేను. అది ఠీక్ కాదు," అన్నాడు. నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి వద్దన్నాడు.

సిగ్గుపడాల్సినవాళ్ళం మేమంతా ఉండగా ఆ మాట అతను అన్నాడు. అన్నం తినమని ఫూల్మణి పట్టుబట్టింది. ఎండుచేపల కూరతో తిని లేచాను.

వాన తగ్గలేదు. దారి దాకా దిగబెడతానని జోహన్ వెంట వచ్చాడు. మలుపు దిగుతుంటే నా చెప్పు బురదలో దిగబడి ఊడిపోయింది. వద్దంటుండగానే అతను వంగి, మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని పైకి లాగాడు. పక్కన పారుతున్న నీళ్ళలో అటూ ఇటూ తిప్పి కడిగాడు. పట్టీలో ఇరుక్కున్న మట్టిని వేలితో తీశాడు. తెచ్చి నా కాలి ముందు పెట్టి, నేను పడిపోకుండా పట్టుకోవడానికి భుజం అందించి నిలబడ్డాడు. నేను ఒంటికాలి మీద, ఆ శుభ్రమైన చెప్పు వైపు చూస్తూ, వానలో అలాగే ఉండిపోయాను.