బ్రేకు సంగతి చెప్పడానికి వెళ్లిన స్టెల్లక్క

నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు ఉన్న అద్దాల మేడలో ఎవరిని అడిగినా స్టెల్లక్క చాదస్తపు మనిషి అనే చెబుతారు. ఒకప్పుడు నేనూ నవ్వుతూ వంతపాడేదాన్ని. ఇప్పుడు ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది.

ఆమెది ఏలూరు దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లు నర్సుగా చేసి, మోకాళ్ల నొప్పులతో నిలబడలేక, మా కాల్ సెంటర్‌లో కుర్చీ ఉద్యోగానికి వచ్చింది. ఇల్లు మియాపూర్‌లో. మేము ఒక కార్ల కంపెనీ తరఫున ఓనర్లకు ఫోన్లు చేస్తాం. ఏదైనా మోడల్‌లో తయారీ లోపం బయటపడితే, ఆ బండి కొన్నవాళ్లందరినీ సర్వీస్ సెంటర్‌కు పిలిపించాలి. కంపెనీ ఖర్చుతోనే బాగుచేసి ఇస్తారు. అంతా బాగానే ఉంది కానీ, లోపం అనే మాట మాత్రం మా నోట రాకూడదు. 'మీ బండికి ఉచిత తనిఖీ ఉందండి' అనాలి. హైదరాబాద్‌లో ఫోన్ చేసి ఊరికే ఏదో ఇస్తామంటే నమ్మేదెవరు? ఓటీపీ అడుగుతామేమోనని సగం మంది మా పేరు వినకుండానే పెట్టేస్తారు.

ఆ నెలలో వచ్చిన లోపం బ్రేకుది. చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ వెళ్లే గొట్టం రాసుకుని రాసుకుని చిల్లు పడుతోందట. అన్ని బండ్లకూ కాదు, కొన్నింటికే. ఏ బండికి పడిందో చూస్తే తప్ప తెలియదు.

ఒక శుక్రవారం స్టెల్లక్క పుప్పాలగూడలో ఒక ఇంటికి ఫోన్ కలిపింది. ఎత్తినావిడ పేరు నాగమణి. కడప వైపు వాళ్లు. భర్త మునిస్వామిది భూముల వ్యాపారం. రేపు పొద్దున్నే మనవరాలిని తీసుకుని అదే కారులో శ్రీశైలం వెళ్తున్నామని, తిరిగొచ్చాక చూపిస్తామని ఆవిడ చెప్పింది.

శ్రీశైలం అనగానే స్టెల్లక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. దారంతా ఘాట్ రోడ్డు.

"అమ్మా, కొండ దిగేటప్పుడు బ్రేకు పడకపోవచ్చండి. దయచేసి ఆ బండి తీయకండి" అనేసింది.

పక్క సీట్లోంచి వద్దన్నట్టు నేను చేయి ఊపాను. అవతల భర్త ఫోన్ లాక్కున్నట్టున్నాడు, ఆయన అరుపు నాకు కూడా వినిపించింది.

"దినానికొక మోసం కనిపెడతాండారే మీరు" అని పెట్టేశాడు. మళ్లీ కలిపితే నంబరు బ్లాక్.

మా టీమ్ లీడర్ రాబిన్ మంచివాడే. "అక్కా, ఆయన కంప్లయింట్ ఇస్తే మాత్రం నేను కాపాడలేను, ఉద్యోగం పోతుంది" అని చెప్పి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే స్టెల్లక్క మా హాస్టల్ ముందు నిలబడింది.

"పుప్పాలగూడ వెళ్తున్నాను ప్రశాంతీ. ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది, తోడు వస్తావా?"

"ఓనర్ల ఇండ్లకు మనం పోవద్దు అక్కా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆ బండికి ఏం లేదనుకో, నీ నౌకరీ పోతది."

ఆమె ఆటో ఎక్కింది. తిట్టుకుంటూ నేనూ ఎక్కాను.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను పైకి ఫోన్ చేశాడు. పంపవద్దన్నాడు మునిస్వామి. ఇంకేముంది, వెనక్కి పోదామన్నాను. అంతలో బకెట్టు, గుడ్డ పట్టుకుని ఒకామె వచ్చింది. పేరు కొమురమ్మ, ఆ సెల్లార్‌లో కార్లు తుడిచేది ఆమేనట. స్టెల్లక్క ఆమె చేయి పట్టుకుని సంగతంతా చెప్పింది.

"ఆ సారు కోపిష్టి. మేడమ్‌కు చెప్పి చూస్త, జర ఆగుండ్రి" అని కొమురమ్మ లోపలికి పోయింది. కాసేపటికి నాగమణే వచ్చి మమ్మల్ని సెల్లార్‌లోకి తీసుకెళ్లింది.

కారు సిద్ధంగా ఉంది. వెనక సీట్లో చిన్నపిల్ల బొమ్మతో మాట్లాడుకుంటోంది. చక్రాల కింద అప్పటికే నిమ్మకాయలు పెట్టేశారు. మమ్మల్ని చూడగానే మునిస్వామి మండిపడ్డాడు.

"నిమ్మకాయలు పెట్టినాక పయనం ఆపితే అరిష్టం. మీ కంపెనీకి ఇప్పుడే ఫోన్ చేస్తా, ఉండండి."

"తప్పకుండా చేయండి సార్" అంది స్టెల్లక్క. "దానికి ముందు ఒక్క పని, మెకానిక్‌ను అడిగి తెలుసుకున్నాను. ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి కదల్చకుండా బ్రేకు గట్టిగా తొక్కిపట్టండి. ఏమీ లేకపోతే నేనే నంబరు కలిపి ఇస్తాను."

మాకు బుద్ధి చెప్పాలనే ఆయన సీట్లో కూర్చుని తొక్కాడు.

"రాయి మాదిరి ఉండాది" అని నవ్వాడు.

"కాలు తీయకండి సార్. అలాగే ఉంచండి."

చూస్తుండగానే ఆయన నవ్వు ఆగిపోయింది. కాలి కింద పెడల్ మెల్లమెల్లగా దిగిపోతోంది. దిగి దిగి అడుగుకు తగిలింది. కొమురమ్మ వంగి చూసింది.

"సారూ, ఈడ చక్రం కాడ నూనె కారుతాంది" అంది.

నాగమణి వెనక తలుపు తీసి పిల్లను ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. మునిస్వామి దిగి తాళంచెవి స్టెల్లక్క చేతిలో పెట్టాడు.

స్టెల్లక్క సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, కారును మోసుకెళ్లే లారీ తెప్పించింది. బండిని దాని మీదికి లాగుతుంటే చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. శకునం తప్పలేదని నాగమణి దండం పెట్టుకుంది.

తిరిగి ఆటోలో వస్తూ నేను ఆమెనే చూస్తూ కూర్చున్నాను. ముఖం కూడా తెలియని మనుషుల కోసం ఇంత తెగించేవాళ్లుంటారని నేను అనుకోలేదు. నా పక్కన మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నది రోజూ చూసే స్టెల్లక్కేనా అనిపించింది.

"అక్కా, ఆ పెడల్ గట్టిగనే నిలబడి ఉంటే నీ గతేంది?" అని అడిగాను.

"గట్టిగా నిలబడాలనే దేవుణ్ణి వేడుకుంటూ వచ్చాను ప్రశాంతీ" అంది స్టెల్లక్క. "ఉద్యోగమైతే ఇంకోటి చూసుకునేదాన్ని."