రొయ్యల పెట్టెలో ఊరి నీళ్లు

భీమవరం వాళ్లూ, రొయ్యల పెట్టె మూత తీస్తే వచ్చే ఆ చల్లటి నీచు వాసన గుర్తుందా?

పదో తరగతిలో, క్రిస్మస్‌కి సెలవు దొరక్క ఊరికి రాలేకపోయిన పిన్ని దగ్గరికి మొదటిసారి ఒంటరిగా హైదరాబాద్ రైలెక్కినప్పుడు అమ్మ నాకు ఐసు వేసిన అలాంటి పెట్టే ఇచ్చింది. "ఎవరైనా అడిగితే అరిసెలని చెప్పమ్మా," అంది. తెల్లారేసరికి ఐసు కరిగి బెర్తు కింద మడుగైంది.

"ఏమ్మా, అరిసెలకి చెమట పట్టిందా?" అన్నారు ఎదుటి సీటు పెద్దాయన.

ఆసుపత్రి డ్యూటీ దిగొచ్చిన పిన్ని మూత తీసి, కరిగిన ఐసులో చేతులు ముంచి కూర్చుండిపోయింది. చర్చికి ఆలస్యమవుతోందని విసుక్కున్నాను.

"మన ఊరి నీళ్లే, కాసేపుండు," అంది.

ఈ క్రిస్మస్‌కి ఇక్కడ హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నాకూ సెలవు దొరకలేదు. ఇందాక అమ్మ పంపిన పెట్టె తెరిచాను. నీళ్ల చల్లదనం పోయేదాకా చేతులు బయటికి తీయలేకపోయాను.