ఎండ్రకాయ తోడిన మట్టి

నిన్న మచ్చ బొల్లారంలో మా ఇంటి ముందు బోరు వేశారు. పొద్దంతా తెల్లటి దుమ్మే లేచింది. సాయంత్రం కాస్త తడి మట్టి పైకొచ్చింది. ఆ వాసనకు శామీర్‌పేట దగ్గర మా అవ్వ పొలం గుర్తొచ్చింది.

నా చిన్నప్పటి మాట, ఎండాకాలం. మడి నెర్రెలు బారి, కాలు పెడితే గుచ్చుకునేది. అయినా గట్టు పక్కన ఒక బొరియ చుట్టూ నల్లటి మట్టి ఉండలు పేర్చి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా, తడిగా తగిలాయి. లోపలుండేది ఎండ్రకాయ అని నాకు తెలుసు. పాపం, ఎండకు దాక్కుందనుకుని, తాగడానికి తెచ్చుకున్న చెంబు నీళ్లు అందులో పోయబోయాను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అంది అవ్వ.

"దానికి దూపైతాందవ్వా."

అవ్వ నవ్వింది. "దానికేం దూప? నీళ్లు తగిలేదాంక తవ్వుకుంట పోయి గాడనే కూసుంటది. ఒళ్లు తడారితే బతకదది. గీ మట్టి పచ్చిగున్నదంటే మన బాయిల ఇంక నీళ్లున్నట్టే."

"మరి ఎండిన మట్టి తెస్తే?"

"ఇంక లోతుకు పోతది."

"ఆడ గూడ లేకుంటే?"

అవ్వ చెంబెత్తి ఒక్క గుక్క తాగి, మిగతా నీళ్లు నాకే ఇచ్చింది.

నిన్న ఆ తడి ఎంతోసేపు నిలవలేదు. మళ్లీ దుమ్ము లేచింది. బోరు బండి అతను ఇంజను ఆపి, "ఇంక లోతుకు పోదామా అక్కా?" అన్నాడు.

"ఆడ గూడ లేకుంటే?" అన్నాను.

అతను ముఖం మీది దుమ్ము తుడుచుకుని, బోరు గుంతలోకి తొంగి చూశాడు.