పెద్దమావయ్యా, తప్పు నా ప్రశ్నలది

నిన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "పెద్దమావయ్య పోయేరే" అంది.

ఏ పెద్దమావయ్య అని అడిగాను. నాకున్నది ఒక్కరే.

గుండెపోటట. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలా పక్కకి వాలిపోయారట.

ముమ్మిడివరం బస్సులో కూర్చున్నాక కూడా నమ్మలేదు.

మీలో చాలామందికి ఆయన సత్యం గారిగా తెలుసు. రొయ్యల చెరువు లీజుకి తీసుకుని, తమ్ముణ్ణి, అంటే మా చిన్నమావయ్యని కూడా ఆ పనిలోకి పిలుచుకున్న మనిషి. ఇరవై ఏళ్లు ఇద్దరూ ఒకే గట్టు మీద తిరిగారు, ఒకే చెరువులో మేత చల్లారు.

తర్వాత చిన్నమావయ్యకి చెంప మీద పుండు లేచింది. ఎంతకీ మానలేదు. టెస్ట్ చేస్తే స్కిన్ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగానే ఉన్నారు.

అప్పట్లో నేను అమలాపురంలో ఒక స్కిన్ క్యాన్సర్ స్టడీకి ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే ఉద్యోగం చేసేదాన్ని. జబ్బు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ ఒకేలా అడగాలి. మా మావయ్యలే కదా అని ఇద్దరి ఫారాలూ నేనే తీసుకున్నాను.

చిన్నమావయ్యని గంటన్నర అడిగాను. బాగా గుర్తు చేసుకోండి, తలకి గుడ్డ కట్టుకునేవారా, ఒళ్లు మండేదా, రోజుకి ఎండలో ఎన్ని గంటలు? అడిగేకొద్దీ గుర్తొచ్చింది. రోజుకి ఎనిమిది గంటలన్నారు. చివరికి, "అన్నయ్యే నన్ను ఆ ఎండలోకి లాక్కొచ్చేడమ్మా" అన్నారు.

పెద్దమావయ్య గుమ్మంలోనే ఉన్నారు. విన్నారు.

తర్వాత ఆయన వంతు. ఐదు నిమిషాలు. ఎండేముంది, మామూలే, రెండు గంటలు రాసుకోమన్నారు. మళ్లీ అడక్కుండా రాసేసుకున్నాను.

ఆఫీసులో మా మేడమ్ రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి నన్ను పిలిచారు. ఒకే చెరువు, ఒకే ఎండ, ఇంత తేడా ఏంటన్నారు. జబ్బు వచ్చినవాళ్లు ఎందుకొచ్చిందా అని పాతవన్నీ తవ్వుకుంటారు, రానివాళ్లకి ఆ అవసరం ఉండదు, దీన్నే రీకాల్ బయాస్ అంటారు, నువ్వు అడిగిన తీరు దాన్ని ఇంకా పెంచింది అన్నారు. ఎండ వల్ల రాదని కాదు. ఈ కాగితాలు చూసి మాత్రం ఏదీ తేల్చలేం అన్నారు. రెండూ పక్కన పెట్టేశారు.

ఇంటికెళ్లి ఆ సంగతి చెప్పాల్సింది. చెప్పలేదు.

నాకు ఆ ఉద్యోగం వచ్చినప్పుడు పెద్దమావయ్య నా ఐడీ కార్డు ఫోటో వారం రోజులు స్టేటస్ పెట్టుకున్నారు. ఆ మనిషి ముందు పని సరిగ్గా చేయలేదని ఒప్పుకోడానికి నోరు రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆటోలోంచి చూశాను. బస్టాండులో తమ్ముడి నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడ్డారు, తను మొత్తం ఎండలోనే. చిన్నమావయ్య విసుక్కుంటున్నారు. పక్కన ఎవరో నవ్వుతున్నారు.

ఆటో ఆపమనలేదు. తల తిప్పేసుకున్నాను.

అత్తయ్య నిన్న చెప్పింది. "నేను పిలవకపోతే వాడికీ జబ్బు వచ్చేది కాదు" అని రెండేళ్లుగా అంటూనే ఉన్నారట.

దహనం అయ్యాక చిన్నమావయ్యకి అంతా చెప్పాను.

"అయితే అన్నయ్య వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరన్నమాట."

చెప్పలేరన్నాను.

"ఆయ్. ఈ మాట నాక్కాదమ్మా నువ్వు చెప్పాల్సింది."

నిజమే.

పెద్దమావయ్యా, ఆ బరువు మీది కాదు. ఇక దింపేసి హాయిగా నిద్రపోండి.