నేను చెరిపేసిన సింహం పిల్లలు

రెండువేల సంవత్సరం వస్తే బ్యాంకులు కూలతాయి, విమానాలు పడిపోతాయి అని లోకమంతా భయపడుతున్న రోజుల్లో, సిడ్నీలో నాకు దొరికిన పని సింహాల తేదీలు దిద్దడం. నవ్వకండి. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి, బ్యాంకుల కంప్యూటర్లను కాపాడతానని విమానం ఎక్కినవాణ్ణి. ఒక్క బ్యాంకూ పిలవలేదు. వెస్ట్‌మీడ్ ఫ్లాట్‌లో నాతో ఉండే మిత్రుడు, నాతోపాటే ఆ కోర్సు చేసిన కరీంనగర్‌వాడు, యూనివర్సిటీలో నోటీసు బోర్డు చూసొచ్చి చెప్పాడు. రిటైరైన జంతుశాస్త్రవేత్త ఒకావిడకు ప్రోగ్రామర్ కావాలట.

ఆవిడ ఇల్లు కెల్లీవిల్‌లో. పేరు పెట్టి పిలవమంది గానీ నాకు నోరు రాలేదు, మేడమ్ అనే పిలిచాను. ఆఫ్రికాలో ఏళ్ల తరబడి ఒకే సింహాల గుంపు వెంట తిరిగిన మనిషి. ఆ వివరాలన్నీ ఒక పాత కంప్యూటర్‌లో, సంవత్సరానికి చివరి రెండంకెలే వేసి దాచుకుంది. రెండువేలు వస్తే ఆ కంప్యూటర్ దాన్ని పంతొమ్మిది వందలనుకుంటుంది. ఒక్కో సింహానికి ఒక నంబరు, పుట్టిన తేదీ, చివరిసారి చూసిన తేదీ, మీసాల మొదట్లో చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ గుర్తులు. మనకు వేలిముద్రలు ఎలాగో వాటికి ఆ చుక్కలు అలాగట.

పని చేస్తూ చేస్తూ వాటి కథ తెలిసింది. ఆ గుంపును రెండు మగసింహాలు, అన్నదమ్ములు, ఏలేవి. పొద్దు వాలగానే సరిహద్దు వెంట నడిచి, పొదల మీద మూత్రం చిమ్మి, రెండూ కలిసి గర్జించేవి. అవతలి మగవి ఆ గొంతులు లెక్కపెట్టుకుంటాయి. రెండు వినిపించినన్నాళ్లూ ఒంటరివి దగ్గరికి రాలేదు. తర్వాత ఉత్తరం నుంచి మూడు కలిసి వచ్చాయి. అన్నదమ్ముల్లో ఒకదాన్ని నడుము కొరికి చంపాయి. రెండోది ఆ రోజు నుంచి గర్జించడం మానేసింది. గర్జిస్తే ఒంటరినని తెలిసిపోతుంది కదా. చివరికి తానేలిన నేల మీంచే దొంగలా తప్పుకుంది.

"మన లెక్కనే ఉన్నది రా," అన్నాడు మిత్రుడు ఇది విని. "ఇద్దరం ఉన్నం గాబట్టే ఈ ఊర్ల నిలబడ్డం."

తేదీలన్నీ మార్చాక, తప్పుడు రికార్డులు ఏరడానికి ఇంకో ప్రోగ్రాం రాశాను. ఎనిమిది దొరికాయి. అన్నీ ఒకే నెలలో పుట్టినవి, చివరిసారి చూసిన తేదీ ఎనిమిదింటికీ ఒక్కటే. కోర్సులో మాస్టారు మా చేత వల్లె వేయించింది ఇదే. ఒకే తేదీ వరసగా కనిపిస్తే అది నిజం తేదీ కాదు, ఖాళీ నింపడానికి ఎవరో కొట్టింది. అయినా మిత్రుణ్ణి అడిగాను.

"ఎనిమిదింటికి సేమ్ డేట్ ఉన్నదంటే డమ్మీనే రా. ఏం సోచాయిస్తున్నవ్, లేపెయ్."

లేపేశాను. నేనెంత పద్ధతైనవాణ్ణో చూపించుకోవాలని, ఆ ఫైలునే ఆవిడ దగ్గరున్న ఒకే ఒక్క బ్యాకప్ మీద కూడా ఎక్కించాను.

ఆవిడ ప్రింటవుట్ మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది. "పిల్లలేవి?" అంది. డమ్మీలు తీసేశానని గర్వంగానే చెప్పాను.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"నాలుగు తల్లులు ఇంచుమించు ఒకేసారి ఈనాయి," అంది. "ఆ సాయంత్రం ఎనిమిది పిల్లల్నీ చూశాను. రెండు వారాలకు మళ్లీ వెళ్లేసరికి ఆ మూడూ వచ్చేశాయి. కొత్తగా వచ్చిన మగవి పాతవాటి పిల్లల్ని బతకనివ్వవు. పిల్లలు పోతేనే తల్లులు మళ్లీ ఎదకొస్తాయి. అందుకే తేదీ ఒకటే."

కాగితాలున్నాయి కదా అన్నాను. అడవిలో రాసుకుని గరాజులో పెట్టిన కార్డులను చెదలు తినేశాయట. ఆ పిల్లలు ఈ భూమ్మీద తిరిగాయనడానికి ఉన్న రుజువు నేను చెరిపేసిన ఆ ఎనిమిది వరసలే.

ఆవిడ కళ్లు మూసుకుని, తెరిచి, పెన్సిల్‌తో చుక్కలు గీయడం మొదలుపెట్టింది. ఐదు మూతులు గుర్తొచ్చాయి. ఆరోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. తర్వాత మూడు శనివారాలు వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. గుర్తు రాలేదు.

"మిగతా మూడింటికీ నంబర్లన్నా వేద్దాం మేడమ్. చుక్కలు ఖాళీగా వదిలేద్దాం," అని బతిమాలాను.

"ముఖం గుర్తులేనిదాన్ని రాయను. ఇకనుంచి ఐదే," అంది. ఆ ఐదూ నా చేతే కొట్టించింది.

పిల్లలెంతమంది అని ఎవరడిగినా మా అమ్మ నలుగురనేది. మేం ముగ్గురమే. నాకంటే ముందు పుట్టి, పేరైనా పెట్టకముందే పోయిన అన్న ఒకడున్నాడు. వాడు ఏ రేషన్ కార్డులోనూ లేడు. "ఎప్పుడో పోయినోణ్ణి ఎందుకు లెక్కవెడ్తవమ్మా," అని పదిమందిలో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది.

జనవరి వచ్చింది. ఏ బ్యాంకూ కూలలేదు. సింహాల తేదీలన్నీ నాలుగంకెల్లో చక్కగా నిలబడ్డాయి. ఆ గుంపులో ఆ సంవత్సరం పిల్లలెన్ని అని నన్నెవరూ అడగరు. అడిగితే మాత్రం ఎనిమిది అంటాను.